నలభై శాతం దగ్గర ఆరిపోయే ఫోను: మిర్చి యార్డు గుమస్తా గారి 6ఎస్ కేసు

2018 మే మూడో వారం. మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇచ్చిన రెండో రోజు బాబాయ్ మా షాపు మెట్లెక్కాడు. మాకు చుట్టరికం ఏమీ లేదు. గుంటూరు అరండల్‌పేటలో సెల్‌ఫోన్ రిపేర్ షాపు పెట్టిన కొత్తలో ఆయన పాత నోకియాకు స్పీకర్ వేసిచ్చాను, అప్పటి నుంచి అలాగే పిలుస్తాను. యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తా. యాభై దాటిన మనిషి. జేబులోంచి ఐఫోన్ 6ఎస్ తీసి కౌంటర్ మీద పెట్టి, "దీన్ని ఎంతకు తీసుకుంటావో చెప్పు అబ్బాయ్. దీంతో ఇంక నా వల్ల కాదు" అన్నాడు.

రిపేర్ మాటే ఎత్తలేదు. అమ్మేద్దామనే వచ్చాడు.

ఈ కేసులో నేను వేసిన పార్టు ఒక్కటీ లేదు, ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. అయినా నా జాబ్ కార్డుల పుస్తకంలో దీనికి నాలుగు పేజీలు పట్టాయి. మా లైన్లో కొత్తగా చేరే కుర్రాళ్లకు నేను ముందు చెప్పేది ఈ కేసే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆయన చెప్పింది

ఫోను 2016 సంక్రాంతికి కొన్నది. 16 జీబీ. రెండేళ్లు బాగానే నడిచింది. ఆ సీజన్ మొదలైన దగ్గర నుంచే గొడవ. యార్డులో ఆయన పనంతా ఫొటోలతోనే. రైతు టిక్కీ (మిర్చి బస్తా) విప్పగానే మచ్చు అరచేతిలో పోసుకుని, ఫొటో తీసి, బయటి ఊరి వ్యాపారికి వాట్సాప్‌లో పంపాలి. తేజ రకమైతే తేజ, 334 రకమైతే 334, రంగు కనపడాలి. సరిగ్గా కెమెరా తెరవగానే ఫోను ఆరిపోతుంది. ఆ ముందు క్షణం దాకా బ్యాటరీ నలభై శాతం చూపిస్తూ ఉంటుంది. చార్జర్ గుచ్చితే యాపిల్ గుర్తు వచ్చి, ఆన్ అయ్యాక ముప్పై ఎనిమిది అంటుంది.

"నలభై ఉన్నప్పుడు ఆరిపోవడమేంటి? పోనీ సున్నా అయి ఆరిపోయిందా అంటే, మళ్లీ ముప్పై ఎనిమిది ఎక్కణ్ణించి వచ్చింది?" అన్నాడు. ఆయన అడిగింది నూటికి నూరుపాళ్లు సరైన ప్రశ్న. మొత్తం కేసు ఆ ప్రశ్నలోనే ఉంది.

రెండో ఫిర్యాదు, ఫోను మందగించింది. వాట్సాప్‌లో అక్షరం నొక్కితే అది తెర మీదకు రావడానికి ఆలోచిస్తోంది. ఎవరైనా ఫోన్ చేస్తే రింగు ముందు వినపడి పేరు తర్వాత కనపడుతోంది. కొట్టులో కుర్రాళ్లు "పాతబడింది, మార్చెయ్" అన్నారట. కొత్త ఫోనుకు ముప్పై వేలు తక్కువ కాదు. ఆ ఏడాది ఆయన పెద్దమ్మాయి ఇంజనీరింగ్ ఫీజు కూడా అప్పుడే కట్టాలి.

పైపైన చూసింది

ముందు చార్జింగ్ పోర్టు. టార్చి వేసి చూస్తే లోపల అడుగున ఎర్రటి పొర. చెక్క టూత్‌పిక్ కొనను బ్లేడుతో పల్చగా చెక్కి, పోర్టు వెనక గోడ వెంట మెల్లగా గీకాను. చొక్కా జేబులోని నూలుపోగులు, మిరప ధూళి కలిసి అట్టలా గట్టిపడ్డ ముక్క ఒకటి ఊడొచ్చింది. గోరంత ఉంటుంది. తెల్ల కాగితం మీద పెడితే ఇటుక రంగులో ఉంది. అది తీశాక కేబుల్ "టక్" మని చివరిదాకా వెళ్లింది. అంతకు ముందు సగం దాకానే వెళ్లి ఆగేది. రాత్రంతా చార్జింగ్ పెట్టినా ఒక్కోసారి ఎక్కడం లేదన్న ఫిర్యాదు దీంతో తీరిపోయింది. యార్డు నుంచి వచ్చే ఫోన్లకు ఇది మామూలే. బట్ట పెట్టుకోకుండా ఊదితే కళ్లు మండుతాయి.

చార్జ్ ఎక్కకపోవడం ఒక జబ్బు, ఎక్కిన చార్జ్ నిలవకపోవడం ఇంకో జబ్బు. రెండూ ఒకే ఫోనులో ఉంటే మొదటిదాన్ని తీసేసి రెండోదాన్ని విడిగా చూడాలి. పోర్టు శుభ్రం చేసి ఒక రోజు వాడమన్నాను. మర్నాడు సాయంత్రం మళ్లీ వచ్చాడు. చార్జ్ బాగా ఎక్కుతోంది, కెమెరా తెరిస్తే మాత్రం అదే వరస.

బల్ల మీద తేలింది

కంప్యూటర్‌కు కలిపి త్రీయూటూల్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో చూశాను. చార్జ్ సైకిళ్లు, అంటే నిండు బ్యాటరీ అంత చార్జ్ వాడిన లెక్కలు, 742. కొత్తగా ఉన్నప్పుడు ఈ బ్యాటరీ కెపాసిటీ 1715 ఎంఏహెచ్. ఇప్పుడు నిండా చార్జ్ చేస్తే పడుతున్నది 1405. అంటే 82 శాతం. 500 పూర్తి సైకిళ్లకు 80 శాతం నిలిచేలా తయారు చేశామని కంపెనీ అప్పట్లో చెప్పే లెక్క. 742 సైకిళ్లకు 82 అంటే ఆ లెక్క ప్రకారం ఇది మంచి బ్యాటరీయే. అంకె చూసి బ్యాటరీది తప్పు లేదని పంపేసే వాళ్లు ఇక్కడే పంపేస్తారు.

ఫోనును నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11.2 ఉంది. చోటు లేక అప్‌డేట్ కాలేదు. ప్రాసెసర్ వేగాన్ని కొలిచే గీక్‌బెంచ్ యాప్ పెట్టి చూస్తే సింగిల్ కోర్ (ప్రాసెసర్‌లో ఒక్క భాగం వేగం) స్కోరు 1468 వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న 6ఎస్‌కు 2500 దాకా రావాలి.

అప్పుడు బ్యాకప్ తీసి, కంప్యూటర్ ద్వారా 11.3.1 ఎక్కించాను. 2018 మార్చి చివర్లో వచ్చిన 11.3తో సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ అనే పేజీ కొత్తగా వచ్చింది. దాంతోపాటు ఇంకో మార్పు కూడా ఉంది, చాలామంది దాన్ని గమనించలేదు. బ్యాటరీ బలహీనపడితే ఫోను తన వేగాన్ని తానే తగ్గించుకునే ఏర్పాటు అప్పటికే ఉంది, అప్‌డేట్ చేసిన వెంటనే ఆ పాత స్పీడు కోత రద్దయిపోతుంది. ఆ తర్వాత ఫోను ఒక్కసారి అర్ధాంతరంగా ఆరిపోతే, అప్పుడు మళ్లీ కోత మొదలవుతుంది. అంటే ఈ మధ్య కాలంలో ఫోను నిజరూపం చూడొచ్చు.

చూశాను. అప్‌డేట్ అయ్యాక గీక్‌బెంచ్ 2484. బాబాయ్ చేతికిచ్చి వాట్సాప్ తెరవమన్నాను. "ఇదేంటి, కొత్తదానిలా పరిగెడుతోంది!" అన్నాడు. కాసేపు వాడనిచ్చి, చార్జ్ 41కి దిగాక ఫ్లాష్ వేసి వీడియో తియ్యమన్నాను. తెర ఒక్కసారిగా నల్లబడిపోయింది. చార్జర్ పెట్టి లేపి, బ్యాటరీ హెల్త్ పేజీ తెరిస్తే మ్యాగ్జిమమ్ కెపాసిటీ 83 శాతం అని, దాని కింద కొత్త వాక్యం ఒకటి కనిపించింది. బ్యాటరీ కావలసినంత పవర్ ఇవ్వలేక ఈ ఫోను హఠాత్తుగా ఆగిపోయింది, మళ్లీ అలా జరగకుండా పెర్ఫార్మెన్స్ మేనేజ్‌మెంట్ అమలు చేశాం అని దాని సారాంశం. మళ్లీ గీక్‌బెంచ్ పెట్టాను, 1455.

మూడు అంకెలూ, వాటి టైములూ కార్డు మీద రాశాను. ప్రతిదానికీ స్క్రీన్‌షాట్ తీశాను. ఆ వాక్యం పక్కనే కోతను ఆపేసే మీట ఉంటుంది. దాన్ని నొక్కొద్దని బాబాయ్‌కి గట్టిగా చెప్పాను. నొక్కితే స్పీడు వస్తుంది, తర్వాతి ఫొటోకు ఫోను మళ్లీ పోతుంది.

ఆయన ప్రశ్నకు జవాబు

బ్యాటరీలో ఎంత పడుతుందన్నది ఒక సంగతి, అందులోంచి ఎంత వేగంగా బయటికి తీయగలమన్నది ఇంకో సంగతి. బాబాయ్‌కి మా మేడ మీది ట్యాంకు చూపించి చెప్పాను. మా బోరు నీళ్లకు ఐదేళ్లలో పైపు లోపల ఉప్పు పేరుకుపోతుంది. ట్యాంకు నిండా నీళ్లుంటాయి, ఒక్క ట్యాప్ తిప్పితే వస్తాయి. కింద వంటింట్లో, స్నానాల గదిలో ఒకేసారి తిప్పితే సన్నటి ధార అయిపోతుంది. ట్యాంకులో నీళ్లు తగ్గలేదు, దారి ఇరుకైంది.

లిథియం బ్యాటరీకి వయసొచ్చేకొద్దీ లోపలి రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఊరికే తెర చూస్తున్నప్పుడు తెలియదు. కెమెరా, ఫ్లాష్, ప్రాసెసర్ ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడు వోల్టేజి ధబాలున పడిపోతుంది. మరీ కిందికి పడితే లోపలి భాగాలు పాడవకుండా ఫోను తనంతట తానే ఆగిపోతుంది. లాగడం ఆగాక వోల్టేజి మళ్లీ లేస్తుంది. ఆ ముప్పై ఎనిమిది శాతం ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది. బయటికి రాలేకపోయింది, అంతే.

ఇందులో మన ఎండల పాత్ర చాలా ఉంది. ఐఫోన్ వాడటానికి 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాతావరణం ఉండాలని, అంతకు మించిన వేడిలో వాడితే బ్యాటరీ కెపాసిటీ శాశ్వతంగా తగ్గిపోవచ్చని కంపెనీయే రాసింది. గుంటూరులో ఏప్రిల్, మే నెలల్లో నీడపట్టునే నలభై దాటుతుంది. రేకుల షెడ్డు కింద, చెమట పట్టిన చొక్కా జేబులో, పైగా పవర్ బ్యాంకు తగిలించి వాడిన ఫోను అది. 742 సైకిళ్లు ఒకెత్తు, మూడు వేసవులు ఒకెత్తు.

స్పీడు కోత సంగతి కూడా దాచకుండా చెప్పాను. 2017 జనవరిలో వచ్చిన ఐఓఎస్ 10.2.1తో ఫోన్లు ఆరిపోవడం తగ్గేలా కంపెనీ ఈ ఏర్పాటు పెట్టింది. దానివల్ల ఫోను నెమ్మదిస్తుందన్న సంగతి వాడేవాళ్లకు విడమరిచి చెప్పలేదు. ఆ డిసెంబరు 18న గీక్‌బెంచ్ తయారుచేసిన జాన్ పూల్ వేల ఫోన్ల స్కోర్లను గ్రాఫులుగా ప్రచురించాక విషయం బయటపడింది. పది రోజులకు, 28న, యాపిల్ క్షమాపణ చెబుతూ ఉత్తరం విడుదల చేసింది. ఐఫోన్ 6, ఆ తర్వాతి మోడళ్లకు వారంటీ అయిపోయాక బ్యాటరీ మార్చే ధరను 79 డాలర్ల నుంచి 29కి తగ్గించింది. మన దేశంలో 6,500 రూపాయల నుంచి 2,000కు, పన్ను అదనం. గడువు 2018 డిసెంబరు ఆఖరు వరకు. ఒక్కో ఫోనుకు ఒక్కసారే.

కోత పెట్టడం తప్పని నేను అనను. మచ్చు ఫొటో తీస్తుండగా ఆరిపోయే ఫోను కంటే నెమ్మదిగా నడిచే ఫోనే మేలు. కానీ ఆ ఒక్క వాక్యం ఏడాది ముందే తెర మీద కనపడి ఉంటే, బ్యాటరీ మారిస్తే పోయేదానికి ఎంతమంది ఫోన్లు మార్చారో, వాళ్ల డబ్బు మిగిలేది. ఆ ఏడాదిలో నేను కూడా కొందరికి పాతబడిందనే చెప్పాను. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఏం చేద్దాం

6ఎస్‌లకు 2016 నవంబరులో ఇంకో పథకం వచ్చింది, అది పూర్తిగా ఉచితం. 2015 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో తయారైన కొన్ని ఫోన్ల బ్యాటరీల్లో లోపం ఉందని ఆ పథకం పెట్టారు. ముందు సీరియల్ నంబరు కొట్టి చూశాను. బాబాయ్ ఫోను ఆ తర్వాత తయారైంది, వర్తించదు.

మా షాపులో అప్పట్లో బ్యాటరీ వేస్తే 1,100. అరగంట పని. నా దగ్గరున్న స్టాకు చూపించాను. లేబుల్ మీద 1715 అని అచ్చేసి ఉంటుంది, నేను కొలిచిన వాటిలో ఏ ఒక్కటీ 1600 దాటలేదు. ఆరు నెలలకు ఉబ్బి తెరను పైకి లేపిన కేసులూ చూశాను. పైగా నేను ఒకసారి విప్పితే, రేపు సర్వీస్ సెంటర్ వాళ్లు "బయట విప్పారు" అని తోసిపుచ్చే అవకాశం ఇచ్చినట్టవుతుంది. 2,000 మీద 18 శాతం జీఎస్టీ కలిపి 2,360. కంపెనీ బ్యాటరీకి అది మంచి ధర. నా అరగంట పని పోతే పోయింది. విజయవాడలోని యాపిల్ అధీకృత సర్వీస్ సెంటర్‌కు వెళ్లమన్నాను.

పంపే ముందు చెయ్యాల్సినవి మూడున్నాయి. బ్యాకప్ ముందే అయింది. రెండోది తెర. పగిలిన తెర ఉంటే, ముందు అది బాగు చేయించాకే బ్యాటరీ మారుస్తామని పథకం షరతు. అందులో న్యాయం ఉంది. 6ఎస్‌లో బ్యాటరీ అందాలంటే తెరను చూషణ కప్పుతో పైకి లేపాలి, గాజుకు గీత ఉంటే ఆ లాగుడుకు చివరిదాకా చీలిపోతుంది. బాబాయ్ ఫోను కుడి మూలన సాలెగూడులాంటి పగులు కనిపిస్తోంది. ఆయన ముఖం అక్కడే పడిపోయింది. హెయిర్ డ్రయర్‌తో మూలను కాస్త వెచ్చబెట్టి, పాత సిమ్ కార్డు అంచు దూర్చి, తెర మీద రక్షణకు అతికించిన టెంపర్డ్ గ్లాసును అంగుళం అంగుళం లేపాను. సాలెగూడు దానితోపాటే లేచొచ్చింది. కింద అసలు గాజు మీద స్పిరిట్ పత్తితో తుడిచి, గోరు అడ్డంగా లాగి చూశాను. ఎక్కడా తగల్లేదు. బల్ల దీపం కింద ఏటవాలుగా తిప్పితే నున్నగా మెరిసింది. అల్యూమినియం అంచుకు చిన్న నొక్కు మాత్రం ఉంది. నాలుగు మూలలూ, తెర, వెనక భాగం ఫొటోలు తీసి తేదీ వేశాను.

మూడోది ఫైండ్ మై ఐఫోన్, పోయిన ఫోనును వెతికే ఏర్పాటు. అప్పట్లో అది ఆపితే గానీ సర్వీసుకు తీసుకునేవాళ్లు కాదు. ఆపాలంటే యాపిల్ ఐడీ పాస్‌వర్డ్ కావాలి. ఆ ఐడీ ఫోను అమ్మిన కొట్టులో కుర్రాడు ఆ పూట తయారు చేసిచ్చింది, ఆ మెయిలు ఎవరిదో కూడా బాబాయ్‌కి తెలియదు. మన ఊళ్లలో ఇది ఎంత మామూలో నా తోటి వాళ్లందరికీ తెలుసు. ఇంటికి ఫోన్ చేస్తే పిన్ని బీరువాలో పొలం కాగితాల మధ్య నుంచి అప్పటి బిల్లు తీసింది. దాని వెనక నీలం సిరాతో పాస్‌వర్డ్ రాసి ఉంది. అది పని చేసింది. ఆ పూటే ఆయన సొంత మెయిలుకు మార్చాను.

మొదటి ప్రయాణం

బాబాయ్ ఒక్కడే వెళ్లాడు. మధ్యాహ్నం రెండింటికి పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ నుంచి ఫోన్ చేశాడు. "మార్చం అన్నార్రా. బ్యాటరీ పాసయిందట. ఎనభై కంటే పైన ఉందట. అమ్మేస్తే పోయేది" అన్నాడు. ఎండలో బస్సెక్కి వెళ్లి వట్టి చేతులతో తిరిగొస్తున్న మనిషి గొంతు అది.

ఆ అధీకృత సర్వీస్ సెంటర్ కౌంటర్‌లో కూర్చున్నమ్మాయి తనకు చెప్పిన పద్ధతినే పాటించింది. టెస్టు పెడితే 83 వచ్చింది, 80 లోపు కాదు కాబట్టి పాస్. కానీ ఆ ఏడాది జనవరి మొదట్లోనే, టెస్టులో 80 పైన ఉన్నా సరే అడిగినవాళ్లకు తగ్గింపు ధరకే మారుస్తామని కంపెనీ స్పష్టం చేసింది. ఆ మాట కౌంటర్ దాకా చేరలేదు. చేరని మాటకు మూల్యం చెల్లించేది ఛార్జీలు పెట్టుకుని వచ్చిన వాడే. నాకు కోపం వచ్చింది ఇక్కడే.

కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. వరుసగా మూడు సంగతులు చెప్పాను: ఫోను ఆరిపోయిన టైము, తెర మీద వచ్చిన వాక్యం, సర్వీస్ సెంటర్‌లో అన్న మాట. అటువైపు అమ్మాయి ఓపిగ్గా విని, కేస్ నంబరు ఇచ్చి, 80 పైన ఉన్నా మార్చవచ్చని నోట్ పెట్టింది. కార్డులోని అంకెలు, స్క్రీన్‌షాట్లు ఒక్క కాగితం మీద ప్రింటు తీసి, పైన కేస్ నంబరు రాశాను.

రెండో ప్రయాణం

ఈసారి షాపు తమ్ముడికి అప్పజెప్పి నేనూ వెళ్లాను. మంగళగిరి దాటి వారధి ఎక్కేసరికి కింద కృష్ణలో ఇసుక తిన్నెలే కనిపించాయి. బాబాయ్ ఫోను సంచిలో పెట్టుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

కౌంటర్ దగ్గర గొంతు పెంచలేదు. మేనేజరు గారిని పిలిపించి కాగితం ముందుపెట్టాను. ఆయన ముందు కేస్ నంబరు చూశాడు, తర్వాత స్క్రీన్‌షాట్, ఆ తర్వాత 2484, 1455 అంకెల దగ్గర ఆగి, "ఇవి మీరే కొలిచారా?" అన్నాడు. అవునన్నాను. లోపలికి వెళ్లి పది నిమిషాలకు వచ్చి, "తీసుకుంటాం సార్" అన్నాడు. ఫోనును ట్యూబ్‌లైటు కింద తిప్పి తిప్పి చూసి, అంచు నొక్కు జాబ్ షీట్‌లో రాశారు. టెంపర్డ్ గ్లాసుతోనే వెళ్లి ఉంటే ఆ సాలెగూడు దగ్గర ఇంకో వాదన నడిచేది.

బ్యాటరీ స్టాకు లేదు, తెప్పించాలి. తొమ్మిది రోజులకు మెసేజ్ వచ్చింది. యార్డు ఇంకా తెరవలేదు కాబట్టి సరిపోయింది. ఆ తొమ్మిది రోజులూ ఆయన నా దగ్గరి పాత ఫోనొకటి వాడుకున్నాడు.

తిరిగొచ్చాక

సైకిళ్లు 1. కెపాసిటీ 100 శాతం. బ్యాటరీ హెల్త్ పేజీలో ఆ వాక్యం పోయి, మామూలు పెర్ఫార్మెన్స్ అన్న మాట వచ్చింది. గీక్‌బెంచ్ 2511. చార్జ్‌ను 15కి దించి ఫ్లాష్ వేసి ఐదు నిమిషాలు వీడియో తీశాం. ఆరిపోలేదు. కట్టింది 2,360, బస్సు ఛార్జీలు కాక. నేను తీసుకున్నది పోర్టు శుభ్రానికి, అప్‌డేటుకు కలిపి 200.

జాగ్రత్తలు ఎక్కువ చెప్పలేదు. చెప్పినవి రెండే. పవర్ బ్యాంకు తగిలించి జేబులో పెట్టుకోవద్దు. మధ్యాహ్నం పూట బండి డాష్‌బోర్డు మీద వదిలెయ్యొద్దు. రెండోది ఆయన పాటించాడు.

ఆ డిసెంబరు దాకా షాపులో గోడ మీద పథకం గడువు తేదీ రాసిన అట్ట ఒకటి వేలాడదీశాను. 6ఎస్‌లు, 7లు, ఎస్‌ఈలు పట్టుకుని వచ్చినవాళ్లకు ముందు కొలిచి, తెర చూసి, కాగితం రాసి పంపాను. జనవరి మొదటి వారంలో ఒక నర్సమ్మ 6 పట్టుకుని వచ్చింది. అదే జబ్బు, అదే వాక్యం. గడువు దాటి నాలుగు రోజులయింది. ఆమెకు ఆ మాట చెప్పడం కష్టమైంది. డ్యూటీలు మారక రాలేకపోయానంది.

బాబాయ్ ఫోను 2020లో చిన్నమ్మాయి ఆన్‌లైన్ క్లాసులకు వెళ్లింది. 2021లో ఐఓఎస్ 15 కూడా ఎక్కింది. 2022 జూన్‌లో, యార్డు సెలవుల్లోనే, మళ్లీ నా కౌంటర్ మీదకు వచ్చింది. ఐఓఎస్ 16 దీనికి రాదని అప్పటికే తెలిసింది. పోర్టులో మళ్లీ అదే ఇటుక రంగు. "కొంటాను అంటావా, బ్యాటరీ అంటావా బాబాయ్?" అని అడిగాను.

"అదేం మాట? ముందు కొలిచి చెప్పు" అన్నాడు.

కేబుల్ గుచ్చాను. సైకిళ్లు 811, 78 శాతం.